బిగబట్టిన ఊపిరి, విడిచిన ఊపిరి

గుంటూరు మిర్చి యార్డులో పొద్దున్నే కాసేపు నిలబడి హమాలీని చూడండి. టిక్కీ, అంటే మిర్చి బస్తా, వీపు మీదికి ఎక్కే క్షణంలో ఆయన మాట్లాడడు. నిండా గాలి పీల్చి, పెదాలు బిగించి లేస్తాడు. నాలుగడుగులు పడ్డాక గానీ ఆ ఊపిరి బయటికి రాదు. ఘాటుకు మనకు గొంతు పట్టేస్తుంటే, ఆయన అదే గాలితో బరువు మోస్తాడు. అక్కడ నిలబడ్డప్పుడల్లా నాకు ఇద్దరు గుర్తొస్తారు. మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గారు, నాదస్వర విద్వాంసుడు షేక్ చిన మౌలానా గారు.

రామమూర్తి గారు 1882లో వీరఘట్టంలో పుట్టారు. సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో డ్రిల్లు మాస్టారై, తర్వాత సర్కస్ నడిపారు. ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని ఊపిరి పూరిస్తే గొలుసు తెగేది. జనం చూసింది కండను. నేను మెచ్చేది మాత్రం ఆ కండ వెనక పనితనాన్ని. పక్కటెముకలు విచ్చుకోవాలి, గొంతు మూసుకోవాలి, లోపలి గాలి కదలకూడదు. అప్పుడే మొండెం రాతి స్తంభమవుతుంది, భుజాలకు ఆనుకునే చోటు దొరుకుతుంది. గొలుసులతో కట్టిన కార్లను కదలనివ్వకపోయినా, ఛాతీ మీద ఏనుగును మోసినా ఆధారం అదే. శాకాహారం తిని, ప్రాణాయామం సాధన చేసిన మనిషి ఆయన. కలియుగ భీముడన్న పేరు ఊరికే రాలేదు.

చిన మౌలానా గారిది ఒంగోలు పక్కన కరవది, పుట్టింది 1924లో. మన వైపు గుడి ముంగిట తరతరాలుగా నాదస్వరం ఊదినవాళ్లలో ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. తండ్రి కాశిం సాహెబ్ దగ్గర, ఆపైన చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. ఆ విద్య చాలు, పెళ్లిళ్లకు కొదవ లేదు. అయినా తమిళ నాదస్వర విద్వాంసుడు రాజరత్నం పిళ్లై వాద్యం విన్న మనసు ఆగలేదు. తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరులను ఆశ్రయించి మళ్లీ శిష్యుడయ్యారు. చివరికి శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. అలవాటైన చేతిని మార్చుకోవడం ఎంత కష్టమో పనిచేసేవాళ్లకే తెలుసు.

ఆ వాద్యాన్ని దగ్గరగా చూడాలి. సుమారు రెండున్నర అడుగుల కొయ్య, వేళ్లకు ఏడు రంధ్రాలు. అడుగున ఉన్నవాటిని మైనంతో పూడ్చి శ్రుతి సరిచేసుకుంటారు. పైన రెల్లుతో చేసిన జీవాళి. వేలు రంధ్రాన్ని ఎంత మూసిందో, పెదవి జీవాళిని ఎంత నొక్కిందో, ఊపిరి ఎంత తోసిందో, ఈ మూడూ కుదిరితేనే స్వరం నిలుస్తుంది. ఊపిరి ఒక పిసరు తగ్గితే స్వరం కిందికి జారుతుంది, పెరిగితే కీచుమంటుంది. వీధి చివరి దాకా వినపడేలా ఊదడం కష్టమే. కానీ అంత పెద్ద గొంతున్న వాద్యాన్ని మెత్తగా పలికించడం ఇంకా కష్టం. మౌలానా గారి రాగాలాపనలో ఆ మెత్తదనమే నన్ను కట్టిపడేస్తుంది. రామమూర్తి గారు బంధించిన గాలిని ఈయన నూలు వడికినట్టు సన్నగా విడిచారు.

బతుకుల్లో మాత్రం తేడా పెద్దది. కాలికి పుండు లేచి, కాలే తీసేయాల్సి వచ్చింది మల్లుడికి. 1942లో కన్నుమూశారు. ఆ ఛాతీ ఎలా విచ్చుకునేదో మనం చూడలేం, చెప్పుకోవడమే మిగిలింది. మౌలానా గారికి 1977లో పద్మశ్రీ, డెబ్బై దాటాక 1998లో సంగీత కళానిధి వచ్చాయి. మరుసటి ఏడాదే వెళ్లిపోయారు. అయితే ఆయన ఊదినది రికార్డుల్లో ఉంది, శిష్యుల పెదాల మీద ఉంది. ఆ శిష్యుల్లో, మన ప్రకాశం జిల్లా దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ గార్లు, 2020లో పద్మశ్రీకి ఎంపికయ్యారు.

ఈసారి నాదస్వర కచేరీకి వెళితే ముందు వరసలో కూర్చోండి. వాద్యానికి దారంతో కట్టి విడి జీవాళీలు వేలాడుతుంటాయి. కీర్తన మొదలయ్యే ముందు విద్వాంసుడు ఒకదాన్ని నాలుక మీద తడిపి, ఊది చూసి, నచ్చక తీసేసి, ఇంకోటి బిగిస్తారు. డోలు ఆగి ఎదురుచూస్తుంది.