రెండు గేరు రాడ్ల మ్యాక్ లారీ

మ్యాక్ కంపెనీ 1953 నుంచి 1966 దాకా తయారు చేసిన బి సిరీస్ లారీలు 1,27,000కు పైగా రోడ్లెక్కాయి. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆలెన్‌టౌన్ అప్పట్లో ఆ కంపెనీ ఊరు. గుండ్రటి ముక్కు, ఉబ్బెత్తు మడ్‌గార్డులు, బానెట్ కొసన బుల్‌డాగ్ బొమ్మ ఉండే ఈ లారీల్లో డీజిల్ ఇంజిన్‌తో వచ్చిన బి-61ను అక్కడి పాత లారీల అభిమానులు ఇప్పటికీ ప్రాణంలా చూసుకుంటారు. ఆరు సిలిండర్లు, 11 లీటర్ల ఇంజిన్, 170 హార్స్‌పవర్. ఇవాళ దూరప్రయాణాల లారీకి 500 హార్స్‌పవర్ మామూలు సంగతి. పాతిక ముప్పై టన్నులను అందులో మూడో వంతు శక్తితో కొండెక్కించాలంటే, యంత్రం చేయలేని పని కొంత మనిషి చేయాలి. ఆ పనేమిటో తెలుసుకోవడమే ఈ అభిరుచిలో సగం. రంగులు వేయించి మెరిపించడం మిగతా సగంలోకి వస్తుంది.

గేరుబాక్సుతోనే మొదలుపెట్టాలి. ఆనాటి డీజిల్ ఇంజిన్ బలంగా లాగే వేగం చాలా ఇరుకు. నిమిషానికి 2,100 చుట్ల దగ్గర, వేగానికి పగ్గం వేసే గవర్నరు ఆపేస్తుంది. అక్కణ్ణుంచి బాగా కిందికి జారితే ఇంజిన్ మూలగడం మొదలెడుతుంది. పక్కపక్క గేర్ల నిష్పత్తుల మధ్య 30 శాతం తేడా ఉందనుకుంటే, 2,100 దగ్గర గేరు మార్చగానే ఇంజిన్ వేగం ఇంచుమించు 1,600కు పడుతుంది. తేడా అంతకన్నా పెద్దదైతే ఎక్కుడులో లారీ నిలబడిపోతుంది. అందుకని గేర్లు దగ్గర దగ్గరగా, ఎక్కువగా ఉండాలి. మ్యాక్ ఇంజినీర్లు అయిదు గేర్ల ప్రధాన పెట్టె వెనకాలే మరో చిన్న పెట్టెను జోడించారు. వెనక పెట్టెలో రెండు మెట్లుంటే డ్యూప్లెక్స్, మొత్తం పది గేర్లు. మూడుంటే ట్రిప్లెక్స్, పదిహేను. నాలుగుంటే క్వాడ్రుప్లెక్స్, ఇరవై. ఒక్కో పెట్టెకు ఒక్కో రాడ్డు. క్యాబిన్‌లో డ్రైవరు కుడి పక్కన రెండు గేరు రాడ్లు నిలబడి కనిపించడం అందువల్లే.

వెనక రాడ్డు ఒక్కటే కదిపితే సరిపోయే మార్పులు సులువు. అసలు పరీక్ష ప్రధాన గేరు ఒక మెట్టు పైకి, అదే క్షణంలో వెనక పెట్టె చివరి మెట్టు నుంచి మొదటికి దిగాల్సి వచ్చినప్పుడు. అప్పుడు రెండు రాడ్లూ ఒకేసారి కదలాలి. డ్రైవరు ఎడమ చెయ్యిని స్టీరింగు చువ్వల మధ్య నుంచి దూర్చి ఒక రాడ్డు, కుడి చేత్తో రెండోది పట్టుకుంటాడు. ఆ కాస్తసేపూ స్టీరింగు భారం మోచేతిదే. వంపులో ఈ పని చేయకూడదని ఎవరూ చెప్పనక్కర్లేదు.

గేర్ల వేగాలను తనంతట తానే కలిపే సింక్రోమెష్ ఈ పెట్టెల్లో లేదు. గేర్ల పళ్లు ఒకే వేగానికి వచ్చినప్పుడే రాడ్డు సాఫీగా దిగుతుంది. వేగం కుదిర్చే పని డబుల్ క్లచ్‌ది. పై గేరుకు వెళ్లేటప్పుడు క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, ఇంజిన్ వేగం పడేదాకా ఆగి, మళ్లీ తొక్కి గేరు వేయాలి. కింది గేరుకు దిగేటప్పుడు న్యూట్రల్‌లో క్లచ్ వదిలి యాక్సిలరేటర్ నొక్కి, లోపలి షాఫ్టుకు వేగం ఎక్కించాలి. ఎంత నొక్కాలో మీటరు చూసి తెలుసుకునే తీరిక ఉండదు, చెవికే తెలియాలి. మన వైపు సింక్రోమెష్ లేని పాత లారీలు తోలిన డ్రైవర్లకూ ఈ విద్య కొత్త కాదు. చేయి తిరిగినవాళ్లు క్లచ్ ముట్టుకోకుండానే, వేగాలు కలిసిన క్షణాన్ని పట్టి గేరు జార్చేస్తారు. చూడ్డానికి గొప్పగా ఉంటుంది గానీ, లెక్క తప్పితే అరిగేది దొరకని గేర్ల పళ్లు.

ఈ విద్య అవసరాన్ని తగ్గించిందీ మ్యాక్ కంపెనీయే. 1966లో వచ్చిన మ్యాక్సిడైన్ ఇంజిన్‌లో వేగం పడేకొద్దీ లాగే బలం పెరుగుతుంది. అంత వెడల్పు దొరికాక అయిదే గేర్లు చాలాయి. డ్రైవరు ప్రాణం హాయిగా ఉంది. అయినా సేకరించేవాళ్లు మోజుపడేది ఎక్కువగా ఆ కష్టపెట్టే రెండు రాడ్ల బళ్ల మీదే.

బి-61ను గేరు రాడ్లను బట్టి పోల్చుకుంటే, డెట్రాయిట్ డీజిల్ ఇంజిన్‌ను శబ్దాన్ని బట్టి పోల్చుకుంటారు. జనరల్ మోటార్స్ 1938లో తెచ్చిన 71 సిరీస్ ఇది. ఒక్కో సిలిండరు 71 ఘనపుటంగుళాలు. ఆరుంటే 6-71, ఎనిమిది వి ఆకారంలో ఉంటే 8వి-71. ఇది టూ స్ట్రోక్ డీజిల్. ఆ మాట వినగానే ఆయిలు కలిపిన పెట్రోలు పోసే పాత స్కూటరు గుర్తుకొస్తుంది గానీ ఇది ఆ జాతి కాదు. ఇందులో ఇంజిన్ ఆయిలు కింద సంపులో విడిగా ఉంటుంది. పిస్టన్ కిందికి దిగినప్పుడు సిలిండరు గోడలోని రంధ్రాలు తెరుచుకుంటాయి. బ్లోయరు వాటిలోంచి గాలిని నెడుతుంది. పాత పొగ పైన హెడ్‌లోని వాల్వుల గుండా పోతుంది. గాలిని తనంతట తాను పీల్చుకునే స్ట్రోక్ ఈ ఇంజిన్‌కు లేదు కాబట్టి బ్లోయరు లేకపోతే అసలు నడవదు. ఆ 6-71 బ్లోయర్లనే విప్పి అమెరికా కుర్రకారు రేసు కార్ల పెట్రోలు ఇంజిన్ల మీద బిగించుకున్నారు. లారీ సామాను అంత షోకు సరుకైన సందర్భం మరొకటి దొరకదు.

మామూలు ఇంజిన్‌లో ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి మండితే ఇందులో ప్రతి చుట్టుకూ మండుతుంది. నిమిషానికి 2,100 చుట్ల దగ్గర 8వి-71లో సెకనుకు 280 మంటలు. అదే వేగంలో ఎనిమిది సిలిండర్ల ఫోర్ స్ట్రోక్‌లో 140. శ్రుతి సరిగ్గా ఒక స్థాయి పైన పలుకుతుంది. అందుకే ఇంజిన్ అసలు వేగం కన్నా రెట్టింపు వేగంతో తిరుగుతున్నట్టు వినిపిస్తుంది. నాలుగు వీధుల అవతల ఉన్నా ఏ ఇంజినో చెప్పేస్తారు.

ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్న ఇలాంటి ఇంజిన్‌ను కదిలించడానికి ఒక పద్ధతి ఉంది. ఇంజెక్టర్లన్నిటినీ కలిపి కదిలించే ర్యాక్ తుప్పుతో బిగుసుకుని డీజిల్ పూర్తిగా వదిలే స్థానంలో ఆగిపోతే, స్టార్ట్ చేసిన మరుక్షణం వేగం అదుపు తప్పుతుంది. తాళం చెవి తిప్పినా ఆగదు. డీజిల్‌కు స్పార్క్‌తో పనిలేదు కదా. బ్లోయరు సీళ్లు పాడై ఇంజిన్ తన ఆయిలును తానే తాగి మండించుకోవడం ఇంకో ప్రమాదం. అప్పుడు డీజిల్ కట్టేసినా లాభం లేదు. గాలిని మూసేయడమొక్కటే దారి. అందుకని తెలిసినవాళ్లు ముందు ర్యాక్‌ను చేత్తో కదిపి చూస్తారు, బ్లోయరు మీది అత్యవసర మూత సరిగ్గా పడుతోందో లేదో పరీక్షిస్తారు, అయినా నమ్మకుండా గాలి దారికి అడ్డం పెట్టే పలక ఒకటి పక్కన ఉంచుకుంటారు. అలవాటు లేనివారు ఎక్కువ శ్రమపడేది పెయింటు దగ్గర, అలవాటున్నవారు ఈ పలక దగ్గర.

లారీని కొండ ఎక్కించడం ఒక విద్య అయితే దించడం మరొకటి. 1931లో క్లెస్సీ కమిన్స్ తన డీజిల్ ఇంజిన్ బిగించిన లారీని న్యూయార్క్ నుంచి లాస్ ఏంజిలస్‌కు నడిపించాడు. కాలిఫోర్నియాలో కహోన్ కనుమ దిగుతుండగా బ్రేకులు వేడెక్కి పట్టు తప్పాయి. కింద రైలు పట్టాల మీద గూడ్సు బండి వెళ్తోంది. వెంట్రుకవాసిలో తప్పింది. ఆ భయం ఆయన్ను చాలా ఏళ్లు వదల్లేదు. చివరికి దానికో ఉపాయం కనిపెట్టాడు. కమిన్స్ ఇంజిన్‌లో ఇంజెక్టరును నొక్కే క్యామ్ కదలిక సరిగ్గా కంప్రెషన్ ముగిసే వేళకే వస్తుంది. ఆ కదలికనే ఆయిలు ఒత్తిడి ద్వారా ఎగ్జాస్ట్ వాల్వుకు అందిస్తే, పిస్టన్ కష్టపడి అదిమిన గాలి బయటికి పోతుంది. ఆ గాలి మళ్లీ పిస్టన్‌ను కిందికి తోయలేదు. శక్తి పుట్టించే ఇంజినే శక్తిని మింగే కంప్రెసరవుతుంది. డ్రిల్లు చక్‌లు చేసే జేకబ్స్ కంపెనీ 1961లో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. డ్రైవర్ల నోట అదే జేక్ బ్రేకు. అది పనిచేసేటప్పుడు వినిపించే దడదడ శబ్దం గాలి ఒక్కసారిగా బయటపడేది.

జేక్ లేని అంతకు ముందు బళ్లలో దిగుడు మొదలుకాక ముందే కింది గేరు వేసుకోవాలి. సగం దిగాక వేద్దామంటే పళ్లు కలవవు, లారీ న్యూట్రల్‌లో ఉండిపోతుంది. గాలి బ్రేకుల విషయంలోనూ ముందే మేలుకోవాలి. గాలి ఒత్తిడి పడిపోతే క్యాబిన్ పైనుంచి ఒక చిన్న జెండా చువ్వ కళ్ల ముందు పడి ఊగుతుంది. గాలి పోతే తమంతట తామే బిగిసే స్ప్రింగు బ్రేకులు చాలా పాత లారీల్లో లేవు. కాబట్టి ఆ చువ్వ పడిందంటే ఆపడానికి మిగిలిన సమయం కొద్దిదే. ముక్కలుగా ఊడదీసే పాత రిమ్ములు ఇంకో గండం. లాక్ రింగు సరిగ్గా కూర్చోకుండా గాలి కొడితే అది ఎగిరి మనిషిని చంపగలదు. ఇనుప బోనులో పెట్టకుండా ఆ టైర్లకు గాలి పట్టరాదు.

ఇంత తెలిశాక బాగుచేయించడం అనే ప్రశ్న వస్తుంది. 1971లో ఏర్పడిన అమెరికన్ ట్రక్ హిస్టారికల్ సొసైటీ లాంటి సంఘాలు ప్రదర్శనలు జరుపుతాయి, పాత కాగితాలు భద్రపరుస్తాయి. ఆలెన్‌టౌన్‌లోని మ్యాక్ మ్యూజియంలో ఛాసిస్ నంబరు చెబితే ఆ లారీ ఫ్యాక్టరీ నుంచి ఏ ఇంజిన్, ఏ గేరుబాక్సు, ఏ ఆక్సిలుతో బయటపడిందో చెప్పే రికార్డులున్నాయి. బానెట్ మీది బొమ్మ కూడా ఒక రికార్డే. చీఫ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ మాసురీ 1932లో ఆసుపత్రి మంచం మీద చెక్కిన బుల్‌డాగ్ అది. ఇంజిన్, గేరుబాక్సు, ఆక్సిళ్లు అన్నీ మ్యాక్‌వే అయితే బంగారు రంగు, బయటివి కలిస్తే వెండి రంగు. లారీ బతుకుతెరువు కోసం తిరిగినప్పుడు అరిగిపోయిన మ్యాక్ ఇంజిన్ తీసేసి కమిన్స్ వేయించుకున్న యజమానులు ఎందరో. అలాంటి బండిని ఫ్యాక్టరీ కాగితం ప్రకారం వెనక్కి తేవాలా, లేక ఆ మార్పు కూడా లారీ జీవితంలో భాగమేనని అలాగే ఉంచాలా అన్నది తేలని వాదన. మార్పు ఎప్పుడు, ఎందుకు జరిగిందో రాసి ఉన్న చోట దాన్ని ఉంచడమే సబబు. ఉంచినవాళ్లు మాత్రం బంగారు బొమ్మ తీసి వెండిది బిగించాలి.