సాగర్ రోడ్డు చివర, నీటి నడుమ మ్యూజియం

తుర్కయంజాల్ మీదుగా పోయే సాగర్ రోడ్డు ఇబ్రహీంపట్నం, మాల్ దాటుకుని చివరికి కృష్ణ ఒడ్డుకు చేరుస్తుంది. ఎల్బీ నగర్ నుంచి ఆ దారి పట్టినవాళ్లు ముందుగా ఆరా తీసేది నాగార్జునసాగర్ డ్యామ్ గేట్లు ఎత్తారా లేదా అనే. డ్యామ్ చూసి, చేపలు తిని వెనక్కి తిరిగేవాళ్లలో ఎందరు జలాశయం నడుమ ఉన్న నాగార్జునకొండకు లాంచీ ఎక్కుతారో గానీ, నీటి ఒడ్డున మ్యూజియం కట్టే విద్య మన దగ్గర బాగా కనిపించేది అక్కడే.

1926లో బయటపడిన నాగార్జునకొండ లోయ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు కృష్ణ. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. లోయ మునగక తప్పదని తెలిసి, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ 1954 నుంచి 1960 దాకా తవ్వింది. దొరికినవి పెట్టడానికి చోటెక్కడ? పూర్తి నీటిమట్టం 590 అడుగులు. దానికి పైన మిగిలేది పాత కోట ఉన్న కొండ నెత్తి. స్థలాన్ని ఖాయం చేసింది నీరే.

1966 నాటి మ్యూజియాన్ని బౌద్ధ విహారం తీరులో కట్టారు. లోపల పలనాటి సున్నపురాయి శిల్పాలు, స్తూపాల ఆయక స్తంభాలు, మునిగిన లోయ నమూనా ఉన్నాయి. ఆ నమూనా ముందు ఆగండి. ఏ స్తూపం ఎక్కడుండేదో తెలియకపోతే బయట చూసే రాళ్లు విడివిడి రాళ్లుగానే మిగులుతాయి. కట్టడాల్లో కొన్నింటిని కొండ మీద తిరిగి నిలబెట్టారు, మరికొన్నింటికి నమూనాలు కట్టారు. స్తూపం అడుగు చూస్తే పనితనం తెలుస్తుంది: నడుమ కుండ, దాని నుంచి ఆకుల్లా ఇటుక గోడలు, చుట్టూ పట్టా, సందుల్లో మట్టి. బండిచక్రమే. ఇటుక ఆదా అవుతుంది, పైనున్న అండం బరువు గోడల మీద సర్దుకుంటుంది. అయితే ఏది అసలు, ఏది నమూనా అన్నది చూడగానే తెలిసేలా ఉంటే మేలు. ఇది నా ఫిర్యాదు.

దాదాపు అదే కాలంలో, 1964 నుంచి 1968 వరకు, ఈజిప్టులో అబూ సింబెల్ ఆలయాలను నీట మునగకుండా కోసి ఎత్తుకు చేర్చారు. ప్రపంచమంతా చెప్పుకునేది దాని గురించే. మనవాళ్లు ఒక ఊరి కట్టడాల్లో కొన్నింటిని ఎత్తారు.

కొండకు చేరడంలో అసలు కష్టం రేవుది. సముద్రపు రేవులో ఆటుపోట్లు రోజూ వచ్చిపోతాయి, కొలత ముందే తెలుస్తుంది. సాగర్‌లో కనీస మట్టం 510 అడుగులు, అంటే వానాకాలానికీ వేసవికీ ఎనభై అడుగుల దాకా తేడా రావచ్చు. నీరు దిగిన కొద్దీ లాంచీ దిగుతుంది, మనం ఎక్కాల్సిన మెట్లు పెరుగుతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మ్యూజియం అక్కడే మొదలై అక్కడే ఆగిపోతుంది. నీటి పక్క ఏ మ్యూజియానికైనా నేను ముందు అడిగేది హాళ్లెన్నని కాదు, నీరు తగ్గినప్పుడు జనం ఎటు నుంచి వస్తారని.

గాలి ఎక్కువై లాంచీ కట్టేసిన రోజున దిగులుపడక్కర్లేదు. కుడిగట్టు మీద అనుపు ఉంది. లోయలోంచి తెచ్చిన మెట్ల రంగస్థలం, విహారం అక్కడ తిరిగి నిలిచాయి. కారు అక్కడిదాకా పోతుంది.