గోడలో ఇంకో ప్లగ్గు పాయింటు

టీవీ, సెట్‌టాప్ బాక్సు, రౌటరు, సౌండ్‌బార్ అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించేసే ఇళ్ళలో, మంచి ఎలక్ట్రీషియన్ వచ్చి కొత్త పాయింటు పెడుతుంటే చూడముచ్చటగా ఉంటుంది. వస్తూనే గోడ కొట్టడు. డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) మూత తీసి ఏ ఎంసీబీ మీద ఎంత లోడుందో చూస్తాడు. టెస్టర్ని ముందు కరెంటున్న చోట పెట్టి, అది వెలుగుతోందని తేల్చుకుంటాడు. అప్పుడు ఎంసీబీ దించి, అదే టెస్టర్ వెలగట్లేదని చూసుకున్నాకే వైరు ముట్టుకుంటాడు. పైపులో స్టీలు స్ప్రింగు దూర్చి, కొసకి వైర్లు కట్టి, ఎక్కడా ఒరుసుకోకుండా మెల్లగా లాగుతాడు. సాకెట్లో ఫేజు కుడివైపు, న్యూట్రల్ ఎడమవైపు, పైన పెద్ద రంధ్రానికి ఆకుపచ్చ ఎర్త్ వైరు. ఆ ఆకుపచ్చ వైరు దగ్గర అతని పట్టుదలంటే నాకెంతో గౌరవం. అది లేకపోయినా టీవీ ఆడుతుంది, ఎవరూ కనిపెట్టరు. అయినా వదలడు. బల్బో, ఫ్యానో, స్విచ్చో మనమే మార్చుకోవడం వేరు. కొత్త పాయింటు మాత్రం లైసెన్సున్న కాంట్రాక్టరు ద్వారా, పర్మిట్ ఉన్నవాళ్ళే వెయ్యాలని కేంద్ర విద్యుత్ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. ఈ పనితనం చూశాక అది సబబేననిపిస్తుంది. చివర్న ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కుతాడు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేయాల్సిన ఆ పరికరం టక్కున పడితేనే సామాను సర్దుకుంటాడు. పోతూపోతూ ఎంసీబీ పక్కన మార్కర్‌తో ‘హాలు టీవీ’ అని రాస్తాడు, రేపు ఇంకెవరొచ్చినా వెతుక్కోకుండా.