తప్పు, గల్తీ, గునాహ్

తెలుగులో 'తప్పు' అన్న మాట మీద మోపిన బరువు తక్కువది కాదు. లెక్కలో అంకె మారితే తప్పు. ఒక వీధికి పోబోయి ఇంకో వీధికి పోతే దారి తప్పడం. ఆడపిల్ల మనసుపడితే తప్పు చేసిందంటారు. కులపంచాయతీ వేసే జరిమానా పేరు కూడా తప్పే. 'తప్పు కట్టాడు' అంటారు. పొరపాటు, దోషం, నేరం, శిక్ష అన్నీ ఒక్క మాటలో ఇరుక్కున్నాయి. 'పొరపాటు' అనే మెత్తని మాట లేదని కాదు. అది ఎవరికి దొరుకుతుంది, 'తప్పు' ఎవరి నెత్తిన పడుతుంది అన్నదే ప్రశ్న.

మా ఇళ్లల్లో వీటికి వేర్వేరు మాటలున్నాయి. కూరలో ఉప్పెక్కువైతే గల్తీ. బాధ్యత ఎవరిదో తేల్చాల్సొస్తే కసూర్. అల్లా ముందు తలవంచి ఒప్పుకోవాల్సింది గునాహ్. ధర్మశాస్త్రమైతే తెలిసి తీసిన ప్రాణానికీ, 'ఖతా' వల్ల, అంటే అనుకోకుండా పోయిన ప్రాణానికీ వేర్వేరు తీర్పులు చెప్పింది. నమాజులో మరుపుతో ఏదైనా జారిపోతే చివర రెండు సజ్దాలు అదనంగా చేస్తారు. దాన్ని సజ్దా-ఎ-సహ్వ్ అంటారు. మరిచినవాడిని ఎవరూ వరసలోంచి బయటికి నెట్టరు.

ఇప్పుడు తెలుగు కథల్లో, నాటకాల్లో, సినిమాల్లో సాయిబు పాత్ర నోట పెట్టిన భాషని చూడండి. చివరి అచ్చులు సాగుతాయి. ఆడామగా క్రియలు తారుమారవుతాయి. చదివేవాళ్లు, చూసేవాళ్లు నవ్వాలి. చాలాచోట్ల ఆ పాత్రకి అప్పులుండవు, ఆకలుండదు, కూతురి పెళ్లి బెంగ ఉండదు. తప్పు తెలుగు ఒక్కటే దాని ఆస్తి.

భాషలో తప్పొప్పుల మీద యుద్ధం చేసి గెలిచిన గడ్డ ఈ ఉత్తరాంధ్రే. జనం మాటని గ్రామ్యమని పండితులు తోసేస్తే గిడుగు రామమూర్తి (1863-1940) పర్లాకిమిడిలో ఉండి ఏళ్ల తరబడి ఎదిరించారు. గురజాడ 1897లో 'కన్యాశుల్కం'ని జనం మాటలోనే అచ్చువేయించారు. విశాఖపట్నంలో వకీలుగా బతికిన రావిశాస్త్రి (1922-1993) కోర్టు మెట్ల మీది పేదల మాటని కథల్లోకి తెచ్చారు. 'ఆరు సారా కథలు' చదివి దాన్ని మాండలికం అన్నారు, జీవభాష అన్నారు. సరిగ్గానే అన్నారు. మరి ఆ మర్యాద సాయిబు తెలుగుకి ఎందుకు దక్కలేదు?

ఉర్దూలో కుర్చీ ఆడది, దర్వాజా మగది. తెలుగు ఏకవచనంలో అమ్మ వచ్చినా 'వచ్చింది', కుర్చీ వచ్చినా 'వచ్చింది'. ఈ రెండు వ్యాకరణాల మధ్య పెరిగిన నాలుక తడబడితే అది తెలివితక్కువ కాదు. రెండిళ్ల మధ్య నడిచే మనిషి నడక అది.

ఓడరేవులో పనివాళ్ల మాటలు వినండి. 1933లో ప్రారంభమైన ఈ రేవులో లంగరు, సరంగు ఫారసీ నుంచి వచ్చినవి. కలాసీ, చుక్కాని అరబ్బీ నుంచి వచ్చినవి. వీటినెవరూ తప్పు తెలుగు అనరు. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అని 1966లో రాష్ట్రమంతా లేచింది. కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 2021లో ప్రైవేటీకరణ నిర్ణయం వచ్చినప్పుడు అదే నినాదం మళ్లీ వీధికెక్కింది. ఉక్కుకి ప్రాసగా నిలబడ్డ ఆ 'హక్కు' అరబ్బీ 'హఖ్'. సత్యమనీ, న్యాయంగా రావలసిందనీ దాని అర్థం. మాట ఆంధ్రులదైపోయింది. దాన్ని ఇంట్లో రోజూ పలికే మనిషి మాత్రం ఇంకా పరాయివాడే.

మన వైపూ చూసుకోవాలి. ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషాల ఉర్దూ విని 'గలత్' అని నవ్వే షరీఫులు మనలో లేరా? అరబ్బీ అక్షరం గొంతు లోతుల్లోంచి రాలేదని ఈమాన్‌నే శంకించేవాళ్లు లేరా? ఆ మనిషికి రెండువైపులా తప్పే. తెలుగువాళ్ల దగ్గర సాయిబు, సాయిబుల దగ్గర తెలుగువాడు. ఆధిపత్యం ఉర్దూ మాట్లాడినా ఆధిపత్యమే.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ తన కవితకి 'పుట్టుమచ్చ' అని పేరు పెట్టారు. ఆ పేరే ఒక వాదన. పుట్టుమచ్చ ఎవరూ చేసింది కాదు, అది తప్పెలా అవుతుంది? 1998లో 'జల్‌జలా' సంకలనం వచ్చింది. ముస్లిం కవులు ఇంటి మాటల్ని దాచుకోకుండా తెలుగులోకి తెచ్చారు. ఈ ఉర్దూ మాటలు పాఠకుడికి అడ్డు కదా అనే మిత్రుల్ని ఒకటి అడగాలి. సంస్కృత సమాసం దగ్గర నిఘంటువు తెరిచే ఓపిక 'గునాహ్' దగ్గర ఎందుకు అయిపోతుంది?

సెక్యులర్ రచయితలు మంచి ముస్లిం పాత్రల్ని రాస్తున్నారు. సంతోషమే, కానీ అది చాలదు. రావిశాస్త్రి బీదవాడి మాటని విన్నట్టు సాయిబు మాటని కూడా వినాలి, వెక్కిరించకుండా, దిద్దకుండా. ఆ మాటలో గల్తీలు ఉండొచ్చు. ఉంటే గల్తీ అనే అనండి. గునాహ్‌గా మాత్రం రాయకండి.