మెట్లు తీసేశాక

వీణకు మైనంలో నిలిపిన 24 మెట్లుంటాయి, వయొలిన్‌కు ఒక్కటీ ఉండదు. బేస్ గిటార్ ఈ రెండు దారులూ నడిచింది. 1951లో ఫెండర్ సంస్థ తన ఎలక్ట్రిక్ బేస్‌కు ‘ప్రెసిషన్’ అని పేరు పెట్టింది. పెద్ద నిలువు బేస్ మీద చెవితో వెతుక్కోవాల్సిన స్వరస్థానాన్ని మెట్టు కచ్చితంగా చూపిస్తుందన్నది ఆ పేరులోని గొప్ప. పాతికేళ్లకు, 1976లో, జాజ్ ఫ్యూజన్ బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ తన తొలి ఆల్బమ్‌తో ఆ గొప్పను వెనక్కి ఇచ్చేశాడు. అతని బేస్‌కు మెట్లు పీకేసి, గాట్లు పూడ్చి, పడవలకు పూసే ఎపాక్సీ పట్టించారు. దీన్ని చాలామంది స్వేచ్ఛ అంటారు. నా లెక్కలో ఇది పూచీ. వేలు ఎక్కడ ఆగాలో చెప్పే పని వాయిద్యం మానుకుంది, ఆ భారం పూర్తిగా చెవి మీద పడింది.

జాజ్ ఫ్యూజన్‌లో సరే, గిటార్లు గర్జించే మెటల్‌లో ఆ సూక్ష్మం ఎవరికి వినిపిస్తుందని అడగొచ్చు. ఆ హోరులో గమకం మునిగిపోతుందన్నది నిజమే. కానీ అక్కడ బేస్ కష్టం వేరు. గిటార్ల వెంటే అవే స్వరాలు వాయిస్తూ వాటిలో కలిసిపోతుంది. మెట్టు లేనప్పుడు తీగ నేరుగా పలక మీద ఒరుసుకుంటుంది కనుక, నాదం అచ్చు అక్షరం పలికినట్టు మెల్లగా విచ్చుకుని విడిగా నిలబడుతుంది. మెట్లు లేని బేస్‌తో 1993లో వచ్చిన మూడు మెటల్ ఆల్బమ్‌లు ఇందుకు సాక్ష్యం: సినిక్ ‘ఫోకస్’లో షాన్ మలోన్, డెత్ ‘ఇండివిడ్యువల్ థాట్ ప్యాటర్న్స్’లో స్టీవ్ డిజార్జియో, పెస్టిలెన్స్ ‘స్ఫియర్స్’లో యెరూన్ పాల్ తెసెలింగ్. పైగా గిటార్లు మెట్ల మీద స్థిరంగా నిలిచినచోట బేస్ వెంట్రుకవాసి జరిగినా అపశ్రుతి బయటపడుతుంది. అంటే మెటల్‌లో పూచీ తగ్గదు, పెరుగుతుంది.

మన పాలకొల్లు యు. శ్రీనివాస్ మెట్లున్న మాండొలిన్ మీదే గమకాలన్నీ పలికించి, ‘రిమెంబర్ శక్తి’ బృందంతో ఫ్యూజన్ వేదికలూ ఎక్కారు కదా, మెట్లు తీయడం దేనికని మరో ప్రశ్న. బలమైన ప్రశ్నే. అయితే మాండొలిన్ తీగ సన్నం, లాగితే వంగుతుంది. బేస్ తీగ లావు, అంతగా లొంగదు. లాగడమంటే స్వరాన్ని పైకి నెట్టడమే, నొక్కినచోటు నుంచి కిందికి దించడం కుదరదు. అదే మెట్లు లేనిచోట జారుడుకు రెండు దిక్కులూ తెరిచే ఉంటాయి. వయొలిన్ మన కచేరీలో ఇమిడిపోవడానికీ, సరోద్ నున్నటి ఉక్కు పలక మీద మీండ్ (జారుడు) పలకడానికీ కారణం ఇదే.

ఇలాంటి వాద్యకారుడి గుర్తింపు కూడా ఈ పూచీ మీదే నిలుస్తుంది. ‘స్ఫియర్స్’ వచ్చిన పదహారేళ్లకు, 2009లో, మెటల్ బృందం ఒబ్‌స్క్యూరా ‘కాస్మోజెనెసిస్’లో తెసెలింగ్ బేస్ మళ్లీ ఆ గొంతుతోనే మోగింది. మలోన్ అయితే జాకో సోలోలకు స్వరలిపి రాసి పుస్తకంగా తెచ్చాడు. మెటల్ వాద్యకారుడు ఒక జాజ్ గురువు వేలి జాడను స్వరం స్వరంగా రాసుకోవడం వెనుక ఉన్నది తిరుగుబాటు కాదు, సాధకం.