తీపి మానమనే సాహిత్యం

మన సాహిత్య విమర్శకులు కథల్ని పట్టించుకుంటారు, నవలల్ని పట్టించుకుంటారు, వచన కవిత్వాన్నయితే పట్టుకుని వదలరు. కాని ఆడవాళ్ళం మధ్యాహ్నం పూట కళ్ళజోడు పెట్టుకుని, పక్కన పెన్సిలు కూడా పెట్టుకుని శ్రద్ధగా చదివే సాహిత్యం మరొకటుంది. దాని మీద ఒక్క సమీక్ష వచ్చిన పాపాన పోలేదు. అదే, బరువు తగ్గించే సాహిత్యం. అందులోనూ తీపి మానమని చెప్పే అధ్యాయం. ఏ పుస్తకం తిరగేసినా ఆ అధ్యాయం ఉండి తీరుతుంది, పురాణంలో నరక వర్ణనలాగ.

ఈ రకం పుస్తకాలు మా ఇంట్లో ఏడున్నాయి. రైలు స్టేషన్లో కొన్నవి కొన్ని, ఎవరో చదవమని ఇచ్చి మళ్ళీ అడగనివి కొన్ని. కత్తిరించి దాచిన వ్యాసాలు వేరే. ఇప్పుడు ఫోన్లో వీడియోలుగా వస్తున్నవీ వీటి పిల్లలే. గొంతు మారింది గాని మాట మారలేదు. అన్నీ ఓపిగ్గా చదివాను. సరదాకి చదవలేదు సుమండీ. మా అమ్మకి చక్కెర జబ్బు ఉండేది. పదకొండేళ్ళు మందులు మింగి, చివరికి కుడికాలి వేలు ఒకటి తీయించుకుంది. పోయినేడు రక్తపరీక్ష కాగితం చూసి, "మీరు గీత మీద ఉన్నారమ్మా, అటు పడకుండా చూసుకోండి" అన్నాడు మా డాక్టరు. కాబట్టి ఈ పుస్తకాల్ని నేను నవలలు చదివినట్టు చదవలేదు. తోవ అడిగినట్టు చదివాను.

మొదటి పేచీ భాషతోనే. "పంచదార తెల్ల విషం" అని మొదలెడతారు, ఏడింట్లో అయిదు. ఈ ధోరణి మన దగ్గర పుట్టింది కాదు. 1972లో జాన్ యుడ్కిన్ అనే లండన్ ఆచార్యుడు పంచదార మీద "ప్యూర్, వైట్ అండ్ డెడ్లీ" అని ఒక పుస్తకం రాశాడు. స్వచ్ఛమైనది, తెల్లనిది, ప్రాణాంతకమైనది అని దానర్థం. ఆయన శాస్త్రజ్ఞుడు, లోపల వాదన ఉంది, లెక్కలున్నాయి. మనవాళ్ళు చాలామంది అట్ట మీది మాట పట్టుకొచ్చి లోపలి వాదన అక్కడే వదిలేశారు. పోనీ విషమనే అనుకుందాం. విషం ఒక చుక్క తాగినా పోతారు, కడివెడు తాగినా పోతారు. అలాంటప్పుడు పొరపాటున ఒక లడ్డూ తిన్న మనిషి ఏమనుకుంటుంది? వ్రతం చెడింది, ఇహ మిగిలిన నాలుగూ ఉంచి ఏం లాభం, సోమవారం నుంచి మళ్ళీ మొదలెడదాం అనుకుంటుంది. నలుగుర్ని అడిగి చూశాను. నలుగురికీ ఆ సోమవారం తెలుసు. ఒక్క మాట తప్పు వాడితే డబ్బా ఖాళీ అవుతుందని ఈ రచయితలకి తట్టినట్టు లేదు.

పైపెచ్చు విషమన్న పేజీ తిప్పగానే అమృతం వస్తుంది. పంచదార మానేసి బెల్లం వాడండి, తేనె వాడండి అంటారు. నూరు గ్రాముల పంచదారలో సుమారు నాలుగు వందల కాలరీలుంటే, నూరు గ్రాముల బెల్లంలో దాదాపు మూడు వందల ఎనభై. ఆ ఇరవై తేడా కోసం అంత పండుగ దేనికి? బెల్లంలో కొద్దిగా ఖనిజాలున్న మాట నిజమే, కాని వాటి కోసం బెల్లం తినాలంటే గోంగూర నవ్వుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెరల మీద ఇచ్చిన సూచనల్లో తేనెనీ, పళ్ళరసాన్నీ కూడా పంచదార పద్దులోనే రాసింది. పండుని పండుగా తింటే మాత్రం ఆ పద్దులోకి రాదు. ఇక తీపి బిళ్ళల సంగతి. కాఫీలో వేసుకునే ఈ బిళ్ళల్ని బరువు తగ్గే సాధనంగా నమ్ముకోవద్దని అదే సంస్థ 2023లో చెప్పింది. చక్కెర జబ్బు ఇప్పటికే ఉన్నవాళ్ళ సంగతి అందులో కలపలేదు, వాళ్ళు డాక్టరు మాటే వినాలి.

అయితే నా అసలు కంప్లయింటు ఇది కాదు. ఈ పుస్తకాలు ఎవరి కోసం రాశారో ఆ మనిషి వాటిల్లో కనబడదు. "భోజనానంతరం డెజర్టు మానండి" అని ఉంటుంది. మన ఇళ్ళల్లో రోజూ భోజనానంతరం డెజర్టు ఎవరు పెట్టారమ్మా మనకి? మన భోజనం మజ్జిగన్నంతో, ఓ ఆవకాయ బద్దతో ముగుస్తుంది. విందు భోజనంలో తీపి ఉన్నా, అది ముందే విస్తట్లో పడుతుంది. డెజర్టు మానమని తెలుగు గృహిణికి చెప్పడం, మంచులో నడిచేటప్పుడు బూట్లు బిగించుకోమని చెప్పడం లాంటిది. ఇంగ్లీషులోంచి దించుకున్నప్పుడు మనిషిని కూడా అక్కణ్ణించే దించుకున్నారు.

మరి మన తీపి ఎక్కడుంది? కాఫీ గ్లాసులో ఉంది. లెక్క వేసుకోండి. పూటకి రెండు చొప్పున నాలుగు గ్లాసులు, గ్లాసుకి రెండు చెంచాలు, చెంచా అయిదు గ్రాములు. మొత్తం నలభై గ్రాములు. రోజుకి ఇరవై అయిదు గ్రాముల లోపయితే మేలని ఆ 2015 సూచనలు. అంటే ఒక్క మిఠాయి ముక్క నోట్లో వెయ్యకుండానే, "నేను తీపి ముట్టను" అని నలుగురిలో చెప్పుకుంటూనే, గీత దాటి అవతలికి వెళ్ళిపోతున్నామన్న మాట. ఏడు పుస్తకాల్లో ఒక్కటంటే ఒక్కటి కాఫీ గ్లాసుకి అర పేజీ ఇచ్చింది. నన్నడిగితే మొత్తం ఏడింట్లో పనికొచ్చిన పేజీ అదే. ఒక్కసారిగా మానకు, మూడు వారాలకోసారి అర చెంచా తగ్గించు అని చెప్పింది. రెండు చెంచాల దాన్ని రెండు నెలల్లో అర చెంచాకి వచ్చాను. ఇప్పుడు మా చెల్లెలింట్లో కాఫీ తాగితే పాయసం తాగినట్టుంటుంది.

తర్వాత, సాయంత్రం నాలుగు గంటలు. ఈ నాలుగు గంటల గురించి ఏ రచయితా రాయలేదు. తీపి మీదికి మనసు పోవడాన్ని వాళ్ళు "మనోదౌర్బల్యం" అంటారు. నిగ్రహం కావాలంటారు, అద్దం ముందు నిలబడి సంకల్పం చెప్పుకోమంటారు. కాని ఆ మనిషి ఆ రోజు ఏం తిన్నదో అడగరు. పొద్దున్న అందరికీ టిఫిను పెట్టి, డబ్బాలు సర్ది, పదకొండింటికి చల్లారిన రెండిడ్లీ. రెండున్నరకి భోజనం, అందులో అన్నం ఎక్కువ, కూర అడుగున మిగిలినంత. నాలుగయ్యేసరికి పిల్లల బిస్కట్ల డబ్బా మూత దానంతటదే తెరుచుకుంటుంది. దానికి మనోదౌర్బల్యం అని పేరు పెట్టడం అన్యాయం. దాని అసలు పేరు ఆకలి. అది శుభ్రమైన, మర్యాదస్తురాలైన ఆకలి. తీపి వేషం వేసుకుని వచ్చిందంతే. పొద్దున్న ఎనిమిదింటికే, అందరితో పాటు కూర్చుని, రెండు పెసరట్లు తిని చూడండి. మూడున్నరకి గుప్పెడు శనగ గుగ్గిళ్ళో, వేయించిన వేరుశనగ గుళ్ళో నోట్లో వేసుకుని గ్లాసుడు మజ్జిగ తాగి చూడండి. బిస్కట్ల డబ్బా పిలవదని చెప్పను గాని, కేక పెట్టి పిలవదు. రాత్రి నిద్ర చాలని మర్నాడు మాత్రం అది గట్టిగానే పిలుస్తుంది. అది నా అనుభవమే కాదు, నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుందని వైద్యులూ చెబుతారు.

మరో చమత్కారం చూడండి. మనలో పంచదార చెంచాతో బొక్కే వాళ్ళు ఎంతమంది? మనసు పోయేది పంచదార మీదికి కాదు. మైసూరు పాక్ మీదికి, పూతరేకు మీదికి, బొబ్బట్టు మీదికి. సాధారణంగా మైసూరు పాక్‌లో శనగపిండి ఒక పాలయితే పంచదార రెండు పాళ్ళు, నెయ్యి రెండు పాళ్ళు. పంచదార గ్రాముకి నాలుగు కాలరీలు, నెయ్యి గ్రాముకి తొమ్మిది. తిట్లన్నీ పంచదారకి, నెయ్యికి పీట వేసి మర్యాద! ఏ పుస్తకంలోనూ ఈ సంగతి తిన్నగా లేదు.

చుట్టాల ఇంట్లో ఏం చెయ్యాలన్న ప్రశ్నకి అందరిదీ ఒకటే వాక్యం: "సున్నితంగా తిరస్కరించండి." ఈ వాక్యం రాసిన పెద్దమనిషి ఎన్నడూ గృహప్రవేశంలో వదినగారి చేతి బొబ్బట్టుని కాదని ఎరగడు కాబోలు. "ఏం వదినా, మా చేతి వంట సయించదా?" అన్న ప్రశ్నకి ఆయన దగ్గర జవాబు లేదు. నేను కనిపెట్టిన జవాబు ఇది: "సయించకేం వదినా, సగం ఇప్పుడు తింటాను, మిగతాది పొట్లం కట్టు, మీ అన్నయ్య తింటారు." ఆవిడకీ మర్యాద దక్కింది, నాకూ సగం మిగిలింది. ప్రసాదమైతే ఇంకా తేలిక. అది అరచేతిలో పట్టేంతే తీసుకోవాలి గాని, గిన్నె పట్టుకెళ్ళకూడదు.

ఇంకొక మాట చెప్పకపోతే విమర్శ పూర్తి కాదు. ఏడింట్లో నాలుగు పుస్తకాలు మనల్ని తగ్గమనేది భర్త కళ్ళకి నాజూకుగా కనబడడం కోసం. నెలకి పదిహేను కిలోలు అని అట్ట మీద వేసి, పక్కన సన్నటి నడుము బొమ్మ. గీత మీద ఉన్నవాళ్ళకి అసలెంత తగ్గితే చాలో తెలుసా అండీ? అమెరికాలో ఇలాంటి వాళ్ళ మీదే చేసిన ఒక పెద్ద పరిశోధన 2002లో వెలువడింది. ఉన్న బరువులో నూటికి ఏడు వంతులు తగ్గాలి, వారానికి నూటయాభై నిమిషాలు నడవాలి అన్నది వాళ్ళు పెట్టుకున్న గురి. ఆ దారిన వెళ్ళిన వాళ్ళకి, వెళ్ళని వాళ్ళతో పోలిస్తే, చక్కెర జబ్బు రావడం నూటికి యాభై ఎనిమిది వంతులు తగ్గింది. డెబ్బై కిలోల మనిషికి అయిదు కిలోలు! మా అమ్మకి ఎవరైనా ఈ అయిదు కిలోల సంగతి ముందే చెప్పి ఉంటే బాగుండేదనిపిస్తుంది. ఆవిడకి అందిన సలహా ఒక్కటే, "తీపి ముట్టకు" అని. ముట్టకుండా ఉండలేక దొంగతనంగా తినేది, తిని ఏడ్చేది.

ఇవన్నీ చదివాక మాలతీ చందూర్ గారు గుర్తొచ్చారు. ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాల పాటు "ప్రమదావనం" శీర్షిక నడిపి ఆడవాళ్ళ ప్రశ్నలకి జవాబులు చెప్పిందీ ఆవిడే, "వంటలు - పిండివంటలు" రాసి ఇంటింటా వంటింటి అలమారలోకి వచ్చిందీ ఆవిడే. పిండివంట చేసే మనిషీ, కష్టం చెప్పుకునే మనిషీ ఒక్కరేనన్న సంగతి ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది. ఇప్పటి పత్రికల్లో ఆరో పేజీలో బరువు తగ్గమంటారు, ముప్ఫయ్యో పేజీలో రంగుల బొమ్మతో కజ్జికాయలు చేయిస్తారు. ఆ రెండు పేజీల వాళ్ళకీ ముఖపరిచయం ఉన్నట్టు తోచదు. ఆరో పేజీ ఆవిడ ఒక్కరోజు ముప్ఫయ్యో పేజీ ఆవిడ వంటింట్లో కూర్చుని రాస్తే చదవాలని ఉంది. ఎవరు ఎప్పుడు తింటారో, ఎవరి వాటా ఎవరికి పోతుందో, అడుగున ఏం మిగులుతుందో చూసి రాయాలి.

నేను ఇప్పటికి మూడున్నర కిలోలు తగ్గాను, ఎనిమిది నెలల్లో. అట్ట మీద వేసుకోదగ్గ అంకె కాదనుకోండి. ఈ సంక్రాంతికి మా తోడికోడలు నువ్వుల అరిసెలు వండుతానంటోంది. నా వాటా రెండని ముందే చెప్పాను. భోగినాడు పొద్దున్న పెసరట్టు తిన్నాక ఒకటి, కనుమనాడు ఒకటి. "రెండేనా?" అంది. "రెండూ కూర్చుని తింటాను" అన్నాను.