వయస్సుల లెక్కలలో ఋణచిహ్నము

తండ్రి వయస్సు 46 సంవత్సరములు, కుమారునిది 18. ఎన్ని సంవత్సరములకు తండ్రి వయస్సు కుమారుని వయస్సునకు మూడురెట్లగును? గోదావరిఖనిలో మా ఇంటర్మీడియట్ విద్యార్థులకు ఈ లెక్క నిచ్చితిని. కావలసిన కాలము ‘య’ అనుకొందము.

46 + య = 3 (18 + య)

దీనిని సాధించగా య = -4. ఒక విద్యార్థి ఇంతవరకు సరిగానే చేసి, ఋణచిహ్నమును రబ్బరుతో చెరిపి, 4 అని చూపెను. “కాలానికి మైనస్ ఎక్కడిది సార్?” అనెను. సరిచూడుమంటిని. నాలుగేండ్ల తరువాత వయస్సులు 50, 22, మూడురెట్లు కాదు. నాలుగేండ్ల క్రితము 42, 14; సరిపోయినది.

తప్పు అతనిది కాదు. అభ్యాసములలోని వయస్సుల లెక్కలు సాధారణముగా ధనసంఖ్యయే వచ్చునట్లు అమర్చబడియుండును. కనుక ఋణసంఖ్య రాగానే ఎక్కడనో పొరబడితిమని పిల్లలు జడియుదురు.

ఈ జంకు పెద్దలకును తప్పలేదు. 1806లో మన మధురలో జన్మించిన ఆంగ్ల గణితవేత్త అగస్టస్ డీ మోర్గాన్, 1831లో ప్రకటించిన గ్రంథములో ఇట్టి లెక్కనే తీసికొనెను. తండ్రికి 56, కుమారునికి 29, రెట్టింపగుట ఎప్పుడు? జవాబు -2. ఇది అసంగతమనియు, ‘ఎన్నేండ్లయినది?’ అని ప్రశ్ననే మార్చవలెననియు ఆయన మతము. ప్రశ్నను మార్చి చూపుట మంచి బోధనయే. కాని అసంగత మనుట నాకు సమ్మతము కాదు. నేటిని సున్నగా గైకొన్నచో ముందుకాలము ధనము, గతకాలము ఋణము. మనము అడుగని దిక్కును సమీకరణము తానుగా చూపినది. 12వ శతాబ్దిలోనే భాస్కరాచార్యుడు, భూమి 9, భుజములు 10, 17 గల త్రిభుజములో లంబము పడు చోటును గణించగా -6 వచ్చెను. లంబము భూమికి వెలుపల, ఎదురుదిక్కున 6 దూరములో పడునని ఆయన గ్రహించెను. గని కార్మికుల పిల్లలకు ఇది చెప్పుట మరింత సులభము. నేలమట్టము సున్న, వారి తండ్రులు ప్రతిదినము దానికి దిగువకు పోవుచునే యున్నారు.

అయితే ప్రతి ఋణసంఖ్యను అంగీకరింపవచ్చునా? అదే తండ్రి వయస్సు కుమారుని వయస్సులో సగమగుట ఎప్పుడని అడిగి చూడుడు. య = -74 అని బీజగణితము జంకులేకుండ చెప్పును. అప్పటికి తండ్రికి -28, కుమారునికి -56! ఇద్దరును పుట్టనేలేదు. వారి వయస్సుల భేదము ఎప్పుడును 28 ఏండ్లే కనుక తండ్రి చిన్నవాడగుట యుండదు. ఇక్కడ ఋణసంఖ్యను త్రోసివేయవలెను, అక్కడ నిలుపుకొనవలెను. గుర్తును చూచి ఇది తేలదు. జవాబును తిరిగి కథలో పెట్టి చూచిననే తేలును. ఉపాధ్యాయులు ఈ రెండు లెక్కలను ఒకే దినమున, ఒకదాని ప్రక్క నొకటి, నల్లబల్లపై వ్రాసి చూపవలెనని నా కోరిక.